బెల్ట్ సంగతి వదిలెయ్, షోల్డర్ కొలుచుకో

తమ్ముడూ, ముందు ఒక మాట. మిగిలిన ఆ 40 తూటాల్లో ఒక్కటి కూడా కాల్చకు. తిరిగి వెళ్లగానే పెట్టె మీద ఎర్ర మార్కర్‌తో పెద్దగా రాసి పక్కన పెట్టెయ్. అసలు సంగతి ఆ తర్వాత.

నువ్వు అడిగింది ఒకసారి మళ్లీ చెప్తాను, చదివే మిగతావాళ్లకీ అర్థమవ్వాలి కదా. నువ్వుండేది హ్యూస్టన్ పక్కన, ఇప్పుడు రెండు నెలలకని బెంగళూరు మారతహళ్లిలో అత్తగారింటికి వచ్చావు. హ్యూస్టన్‌లో నీ దగ్గర ఒకరు వాడిన బ్రౌనింగ్ బీఏఆర్ ఉంది, .300 విన్‌చెస్టర్ మాగ్నం తూటాది. అది ఆటోలోడర్, అంటే కాల్చిన ప్రతిసారీ గ్యాస్ ఒత్తిడితో తనంతట తనే తర్వాతి తూటా ఎక్కించుకునే రైఫిల్. ఫ్యాక్టరీ తూటాలు 60 కాల్చి, ఆ ఖాళీ కేసుల్నే (తూటా ఇత్తడి గొట్టాలు) ఇంట్లో మళ్లీ నింపుకుంటున్నావు. మూడోసారి నింపినప్పుడు 20వ తూటాకి కేసు రెండు ముక్కలైంది. వెనక ముక్క బయటికి ఎగిరింది, ముందు ముక్క ఛాంబర్‌లోనే (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) ఉండిపోయింది, దాంట్లోకి ఇంకో తూటా దూరి ఇరుక్కుంది. గన్‌స్మిత్ తీసిచ్చాడు. ఇప్పుడు నీ అనుమానాలు మూడు: తప్పు రైఫిల్‌దా? బెల్ట్ (అడుగున చుట్టూ ఉండే కట్టు) ఉన్న కేసు ఆ బెల్ట్ మీదే ఆగుతుంది కాబట్టి షోల్డర్ (కేసు మెడ కింద సన్నబడే వాలు) ఎక్కడున్నా ఫర్వాలేదంటారు, నిజమేనా? బోల్ట్ రైఫిల్ (బోల్ట్‌ని, అంటే వెనక తలుపుని, చేత్తో తెరిచి మూసేది) ఉన్న ఫ్రెండ్ కేసు నెక్, అంటే బుల్లెట్‌ని పట్టుకునే మెడ, మాత్రమే సైజ్ చెయ్యమంటున్నాడు (అచ్చులో నొక్కి కొలతకి తేవడం), చెయ్యొచ్చా?

రైఫిల్‌ది కాకపోవచ్చు. నిజం కాదు. వద్దు.

ఇంకో మాట కూడా ఇక్కడే అనేస్తా. పోయిన వారం "ఈసారి వచ్చేటప్పుడు ఆ ఖాళీ కేసులు తెచ్చి చూపించనా అన్నా" అని అడిగావు. పొరపాటున కూడా ఆ పని చెయ్యకు. బ్యాగు జిప్పులో మర్చిపోయిన ఒక్క తూటాకి ఎయిర్‌పోర్టులో ఆపి పోలీసు కేసు పెట్టినవి మన దేశంలో బోలెడున్నాయి. ఖాళీ కేసని నువ్వు స్కానర్ ముందు నిలబడి వివరించే టెన్షన్ మనకెందుకు. ఫొటోలు చాలు, బాగానే తీశావు. ఇక్కడ వేట 1972 వన్యప్రాణుల చట్టం కింద నిషేధం, లైసెన్సు లేకుండా తూటాలు తయారుచెయ్యడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. కాబట్టి నేను చెప్పేదంతా నీ హ్యూస్టన్ గరాజ్ కోసమే. నీకు గ్రీన్ కార్డ్ వచ్చేసింది కనుక సరే, హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త: చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకపోతే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదు.

సరే, బెల్ట్. ఆ గోల పెద్దదైంది 1912లో. హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు .375 తెచ్చారు. అప్పటి మందు కార్డైట్, సేమ్యా పుల్లల్లా పొడుగ్గా ఉండేది, దానికి తగ్గట్టు కేసు కూడా పొడుగ్గా, వాలుగా, షోల్డర్ ఉందా లేదా అన్నట్టు ఉండేది. అంత జారుడు షోల్డర్ మీద తూటా ఛాంబర్‌లో ఒక్కచోట ఆగదు, అందుకని అడుగున చిన్న కట్టు పెట్టారు. అక్కడికి అది తెలివైన పనే. తర్వాత మాగ్నం అంటే బెల్ట్ ఉండాలి అన్నట్టు తయారైంది. 1962లో 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నం, 1963లో నీ .300 వచ్చేనాటికి షోల్డర్ పదునుగానే ఉంది (నీదానికి 25 డిగ్రీలు), అయినా బెల్ట్ వదల్లేదు. పెళ్లిలో సఫారీ సూటు లాంటిదే అది, అవసరం లేకపోయినా హోదా.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, తూటాని బెల్ట్ పట్టుకుంటుంది కదా అని షోల్డర్ దగ్గర ఫ్యాక్టరీలు ధారాళంగా ఖాళీ వదిలేస్తాయి. కొత్త తూటా షోల్డర్‌కీ ఛాంబర్ షోల్డర్‌కీ మధ్య 20 థౌ దాకా ఖాళీ నేనే కొలిచాను. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, పీణ్యాలో టూల్‌రూమ్‌లో ఆరేళ్లు పనిచేసినప్పటి నుంచీ నాకు అదే నోటికొస్తుంది. నీ ఆఫీసు ప్రింటర్‌లో పెట్టే కాగితం ఒక్కటి దాదాపు 4 థౌ మందం. అలాంటివి ఐదు కాగితాలంత ఖాళీ అన్నమాట.

ఇప్పుడు ఆ ఛాంబర్ లోపల ఏం జరుగుతుందో ఊహించు. పిన్ను కొట్టగానే కేసు ముందుకు పోయి బెల్ట్ మీద ఆగుతుంది. ఒత్తిడి పెరుగుతుంది, .300కి గరిష్ఠ సగటు ఒత్తిడి 64,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). పల్చగా ఉన్న ముందు గోడ ఉబ్బి ఛాంబర్‌ని గట్టిగా కరుచుకుంటుంది. అడుగు భాగం దళసరి, అది ఉబ్బదు, కరుచుకోదు, బోల్ట్ ముఖానికి ఆనే దాకా వెనక్కి జరుగుతుంది. షోల్డరేమో ముందుకు ఉబ్బి ఖాళీ నింపేస్తుంది. ముందు భాగం ఒకవైపు, అడుగు ఇంకోవైపు లాగితే మధ్యలో ఎక్కడో సాగాలి కదా. దళసరి గోడ పల్చబడే చోట, సరిగ్గా బెల్ట్‌కి కాస్త పైన సాగుతుంది. నీ ఫొటోలో తళతళలాడే ఉంగరం ఉన్నది అక్కడే. నీ కేసు తెగింది కూడా అక్కడే.

ఒకసారి సాగితే ఏమీ కాదు. అది కొత్త కేసు కట్టే కప్పం, తప్పదు. అసలు నష్టం నీ ప్రెస్ దగ్గర మొదలైంది, కేసుని డై అనే అచ్చులోకి నెట్టి మళ్లీ కొలతకి నొక్కేది అదే కదా. డై పెట్టెలో కాగితం చెప్పినట్టు, షెల్ హోల్డర్ (కేసు అడుగుని పట్టుకునే ముక్క) తగిలే దాకా డై దించి పైన ఇంకో పావు చుట్టు తిప్పావు. డై మర అంగుళానికి 14 చుట్లు, అంటే ఒక చుట్టు 71 థౌ, పావు చుట్టు దాదాపు 18. అదంతా షోల్డర్ మీదే పడదు, ప్రెస్ బిగువుకి కొంత పోతుంది, కానీ ఛాంబర్ కొలతకి సాగి కూర్చున్న షోల్డర్‌ని మళ్లీ మొదటికి తోసేశావు. కాల్చావు, మళ్లీ సాగింది. మళ్లీ తోశావు. ఇనప తీగని అటూ ఇటూ వంచి తెంపుతాం చూడు, అదే.

కంచరివాళ్లు బిందె కొట్టడం చూశావో లేదో. నాలుగు దెబ్బలు కొట్టి మళ్లీ కొలిమిలో పెడతారు. కొట్టేకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది, నిప్పులో కాల్చితే మెత్తబడుతుంది, లేకపోతే చీలుతుంది. మనం మెడ, షోల్డర్ వరకు అలా కాల్చి మెత్తబరుచుకోవచ్చు. అడుగు భాగాన్ని మాత్రం చచ్చినా కాల్చకూడదు, 64,000 పీఎస్‌ఐని ఆపేది ఆ బిరుసే. కాబట్టి బెల్ట్ పైన సాగిన కేసుకి మందు లేదు. చెత్తబుట్టే.

రైఫిల్ చూపించుకోవడం మంచిదే, గన్‌స్మిత్ గేజ్‌లు పెట్టి చూస్తాడు. కానీ బెల్టెడ్ మాగ్నంకి వాడే ఆ గేజ్‌లు చూసేది బెల్ట్ కొలతనే. షోల్డర్ ఎంత ముందుందో అవి చెప్పవు. రైఫిల్ పాసవుతుంది, నీ కేసులు తెగుతూనే ఉంటాయి, నువ్వు తల పట్టుకుంటావు.

ఇక నీ ఫ్రెండ్ సలహా. బోల్ట్ రైఫిల్‌కి అది కొంతవరకు నడుస్తుంది, కేసు బిగుతుగా ఉంటే చేత్తో బోల్ట్ గట్టిగా నొక్కి మూసేస్తాడు. నీ బీఏఆర్‌లో మూసేది స్ప్రింగు. మెడ మాత్రమే సైజ్ చేసిన కేసుని ఆ స్ప్రింగు ఒకసారి మూస్తుంది, ఇంకోసారి సగంలో ఆగుతుంది. ఆటోలోడర్‌కి ప్రతిసారీ ఫుల్ లెంగ్త్ సైజింగే (మెడే కాదు, ఒళ్లూ షోల్డరూ కూడా నొక్కడం), ఇందులో బేరం లేదు. కొందరు బోల్ట్ రైఫిల్‌కి షోల్డర్ 1-2 థౌ వెనక్కి తోస్తే చాలంటారు, నిజమే, నీకు మాత్రం 3 నుంచి 5 కావాలి.

దేనికంటే 3 నుంచి 5 తక్కువ? ఇక్కడే అందరూ బోల్తా పడతారు. బోల్ట్ రైఫిల్‌లో కాల్చిన కేసు ఛాంబర్ కొలతే చెప్తుంది. ఆటోలోడర్‌లో గ్యాస్ బోల్ట్‌ని తెరిచే వేళకి కేసు లోపల ఇంకా కాస్త ఒత్తిడి ఉండొచ్చు, అడుగుని లాగుతుంటే షోల్డర్ ఇంకా ముందుకు ఉబ్బుతుంది. అప్పుడు బయట పడ్డ కేసు ఛాంబర్ కన్నా పొడుగు చూపిస్తుంది. దాన్ని నమ్మి 3 థౌ తగ్గిస్తే నిజానికి ఏమీ తగ్గించనట్టే. అందుకని ఒక్క కేసు కొలిచి ఊరుకోకు. ఫ్యాక్టరీ తూటాలు ఒక పది కాల్చు, ప్రైమర్లు, అంటే పిన్ను దెబ్బకి పౌడర్‌ని అంటించే అడుగు బిళ్లలు, తీసెయ్ (పిన్ను దెబ్బకి లేచిన అంచు కొలత చెడగొడుతుంది), హెడ్‌స్పేస్ కంపారేటర్ (అడుగు నుంచి షోల్డర్ దాకా కొలవడానికి వాడే ముక్క) కాలిపర్‌కి బిగించి పదీ కొలిచి కాగితం మీద రాయి. కొలతలు ఒకేలా రావు. పొడుగు వాటిని వదిలేసి తక్కువ వచ్చిన రెండు మూడిటిని పట్టుకో, అవే ఛాంబర్‌కి దగ్గర. కాలిపర్ మాత్రం మంచిది కొను. ఎస్పీ రోడ్‌లో ఐదొందలకి దొరికే డిజిటల్ కాలిపర్ నేనూ కొన్నాను, పొద్దున ఒక మాట సాయంత్రం ఒక మాట చెప్పేది, ఇప్పుడు మా మనవడి ఆటవస్తువు.

డై పెట్టడం ఇలా. షెల్ హోల్డర్ తగిలే చోటు నుంచి అర చుట్టు పైకి తియ్యి. కేసుకి లూబ్ రాసి సైజ్ చెయ్యి, కొలువు. మొదట్లో పొడుగు తగ్గదు సరికదా రెండు మూడు థౌ పెరుగుతుంది, కంగారు పడకు, ఒళ్లు నొక్కుకుపోతుంటే ఇత్తడి పైకే కదా పోయేది. తర్వాత కొద్దికొద్దిగా దించు. 71 థౌని 360 డిగ్రీలకి పంచి చూడు, 5 డిగ్రీలు తిప్పితే ఒక థౌ. అంటే గడియారంలో నిమిషాల ముల్లు ఒక నిమిషం కన్నా తక్కువ కదిలినంత. డై రింగు మీద మార్కర్ గీత పెట్టుకో, లేకపోతే ఎక్కడున్నావో నీకే తెలియదు. నీ తక్కువ కొలతకి 3-4 థౌ లోపలికి వచ్చాక ఆగి, ప్రైమర్ లేకుండా, పౌడర్ లేకుండా బుల్లెట్ మాత్రం పెట్టి ఐదు డమ్మీలు చేసుకో. మ్యాగజైన్‌లో పెట్టి బోల్ట్ వదులు. పూర్తిగా మూసుకోవాలి, మళ్లీ లాగితే బిగువు లేకుండా తెరుచుకోవాలి. ఆగుతుంటే ఇంకో థౌ. నిజమైన తూటాతో ఇంట్లో ఈ పరీక్ష చెయ్యకు. గరాజ్‌లో అస్సలు చెయ్యకు.

షోల్డర్ సరిగ్గానే ఉన్నా బోల్ట్ మూసుకోకపోతే? దానికి ఒక కథ ఉంది.

అప్పట్లో డెన్వర్‌లో ఉండేవాణ్ణి, నాది కూడా బీఏఆరే, 7 ఎంఎం రెమింగ్టన్. డబ్బులు మిగులుతాయని ఒకసారి కాల్చిన కేసులు వంద, ఎవరి రైఫిల్‌వో తెలియదు, చవగ్గా కొన్నాను. షోల్డర్ కొలతలు మహా శ్రద్ధగా పెట్టుకున్నా. నవంబర్‌లో ఎల్క్ వేటకి పోయాం, మంచులో రెండు గంటలు కూర్చున్నాక ఆడ ఎల్క్ ఒకటి చెట్ల అంచుకి వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. ట్రిగ్గర్ నొక్కా. ఏమీ లేదు. చూస్తే బోల్ట్ ఒక వెంట్రుక వాసి వెనక ఆగి ఉంది. చేత్తో నెట్టా, కదల్లేదు. లాగా, రాలేదు. ఎల్క్ నా వంక తీరిగ్గా ఒక చూపు చూసి వెళ్లిపోయింది. ఇంటికొచ్చి మైక్రోమీటర్ పెడితే తెలిసింది, ఆ కేసులు బెల్ట్‌కి ఆనుకుని పైన ఉబ్బి ఉన్నాయి. ఎవరిదో వదులు ఛాంబర్‌లో కాల్చినవి. మామూలు డై ఆ చోటికి సరిగ్గా దిగదు, బెల్ట్ అడ్డం. దానికి విడిగా బెల్టెడ్ మాగ్నం కోలెట్ డై అని దొరుకుతుంది, సరిగ్గా ఆ ఉబ్బునే పట్టి నొక్కుతుంది. స్మాల్ బేస్ డైలు కూడా ఉన్నాయి, ఒంటిని మామూలు కన్నా కాస్త ఎక్కువ నొక్కుతాయి. కానీ ముందు అవసరమో కాదో చూసుకో. నీ రైఫిల్‌లోనే కాల్చిన కేసు మామూలు డైతో సాఫీగా ఎక్కుతుంటే అదనంగా నొక్కడం ఇత్తడిని అరగదీయడమే. ఎవరో కాల్చిన కేసులు మాత్రం ఆటోలోడర్‌కి కొనకు, ఊరికే ఇచ్చినా తీసుకోకు.

లోపల గాడి పడిందో లేదో చూడ్డానికి పేపర్ క్లిప్పు చాలు. తిన్నగా చేసి కొనని ఒక మిల్లీమీటరు వంచి, ఆ కొనని కాస్త అరగదియ్యి. కేసులో అడుగు దాకా దింపి గోడ వెంట నెమ్మదిగా పైకి లాగు. బెల్ట్ పైన టక్కున ఎక్కడైనా తట్టుకుంటే ఆ కేసుకి నమస్కారం పెట్టి మూతి ప్లయర్స్‌తో నొక్కి పడెయ్. నొక్కకుండా పడేస్తే నెల తర్వాత నువ్వే మళ్లీ ఏరుకుంటావు, నేను ఏరుకున్నాను. ఇప్పటికే కాల్చిన నీ 19 కేసులకీ ఇదే గతి. నిండి ఉన్న 40ని బుల్లెట్ పుల్లర్‌తో విప్పి బుల్లెట్లు దాచుకో. కేసుల మీద ఆశ పెట్టుకోకు, అవీ ఆ డైలో నలిగినవే.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ప్రైమర్ కేసు అడుగుకి సమంగా కాదు, 3 నుంచి 5 థౌ లోపలికి ఉండాలి. కొన్ని ఆటోలోడర్లలో బోల్ట్ దబ్బున మూసుకున్నప్పుడు ఫైరింగ్ పిన్ కొద్దిగా ముందుకు వస్తుంది, ప్రైమర్ ఎత్తుగా ఉంటే నువ్వు ట్రిగ్గర్ ముట్టకుండానే పేలొచ్చు. ప్రతి తూటా అడుగూ బొటనవేలితో తడిమి చూడు, నేను కళ్లజోడు పెట్టుకుని కూడా వేలినే నమ్ముతా. కేసు పొడవు 2.620 అంగుళాలు దాటితే 2.610కి కొయ్యి. మొత్తం తూటా 3.340 దాటకూడదు. సైజింగ్ లూబ్ పూర్తిగా తుడిచెయ్, జిడ్డు కేసు గోడని పట్టుకోదు, ఆ భారమంతా బోల్ట్ మీదకి పోతుంది.

నీ .300కి మెడ మరీ పొట్టి, 0.264 అంగుళం, బుల్లెట్ లావేమో 0.308. బుల్లెట్ లావంత మెడ కూడా లేదన్నమాట. మ్యాగజైన్‌లో దెబ్బలకి, బోల్ట్ విసురుకి బుల్లెట్ లోపలికి దిగితే ఒత్తిడి పెరుగుతుంది. అందుకని డమ్మీ ఒకటి పొడవు కొలిచి, మ్యాగజైన్ నుంచి నాలుగైదు సార్లు ఛాంబర్‌లోకి పంపి మళ్లీ కొలువు. తగ్గితే, గాడి ఉన్న బుల్లెట్ తీసుకుని అక్కడ కొద్దిగా క్రింప్ చెయ్యి, అంటే కేసు మూతిని ఆ గాడిలోకి నొక్కి బిగించు.

పౌడర్ ఎన్ని గ్రెయిన్లు (పౌడర్ తూచే కొలత) అని అడిగావు, చెప్పను. నేనే కాదు, ఎవరు చెప్పినా వినకు. పౌడర్ కంపెనీదో బుల్లెట్ కంపెనీదో మాన్యువల్ చూసి కింద అంకె దగ్గర మొదలుపెట్టు. ఒక్కటి గుర్తుంచుకో: నీ రైఫిల్ గ్యాస్‌తో నడుస్తుంది, బ్యారెల్‌లో రంధ్రం దగ్గరికి బుల్లెట్ వచ్చేసరికి ఎంత ఒత్తిడి మిగిలిందన్న దాని మీద బోల్ట్ వేగం ఉంటుంది. మరీ నెమ్మదిగా మండే పౌడర్ నిండా పోస్తే ఆ రంధ్రం దగ్గర ఒత్తిడి ఎక్కువై బోల్ట్ విసురుగా వెనక్కి పోతుంది, కేసు అంచులు వంగుతాయి, కేసులు పక్కవాడి బెంచీ దాటి పడతాయి. మరీ తక్కువ పోస్తే బోల్ట్ పూర్తిగా వెనక్కి పోదు. సెకనుకి చివరి 50 అడుగుల వేగం కోసం పాకులాడేది బోల్ట్ రైఫిల్‌వాళ్లు, వాళ్లని పాకులాడనీ. మాన్యువల్ మధ్య అంకెల్లో గుంపు బాగా వచ్చిన చోట, అంటే దెబ్బలు టార్గెట్ మీద దగ్గరదగ్గరగా పడ్డ చోట, ఆగిపో. ఇంట్లో నింపిన తూటాతో పాడైతే తుపాకీ కంపెనీలు మామూలుగా వారంటీ ఇవ్వవన్నది కూడా తెలిసే ఉండాలి.

మళ్లీ ఎప్పుడైనా ఒక తూటా చప్పుడు తేడాగా ఉన్నా, బయట పడ్డ కేసు పొట్టిగా కనిపించినా, వెంటనే ఆపు. పోయినసారి రెండో తూటాని బోల్ట్ దానంతట అదే ఎక్కించింది, నీ తప్పు కాదు. కానీ ఇరుక్కున్నాక నువ్వు బోల్ట్ హ్యాండిల్ మీద చెక్కతో కొట్టానని రాశావు చూడు, అది చదివి నా కాఫీ చల్లారిపోయింది. ప్రైమర్ ఉన్న తూటా అది.

ఎన్నిసార్లు నింపొచ్చు? ఆటోలోడర్‌లో మాగ్నం కేసు నాకు నాలుగు, మహా అయితే ఐదు వచ్చింది, అదీ షోల్డర్ సరిగ్గా పెట్టుకున్నాక. డై కాగితం ప్రకారం పోయినప్పుడు నాకూ మూడే. హ్యూస్టన్ వెళ్లగానే ఒకే లాట్ నంబరున్న ఫ్యాక్టరీ తూటాలు ఒక పెట్టె కొని, పది కాల్చి, ఆ పది కొలతలూ నాకు పంపు. కాల్చక ముందు కూడా కొలిచి పంపితే నీ ఛాంబర్‌లో ఎన్ని కాగితాల ఖాళీ ఉందో ఇక్కడ యలహంకలో కూర్చునే చెప్తాను.